బెల్ట్ వచ్చింది, ఇక ఫైట్ రావాలి: నేర్చుకున్న టెక్నిక్‌ను ఒంటికి పట్టించుకునే పద్ధతి

హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో కరాటే పోటీలు జరిగే రోజు ఒక మూల కూర్చుని చూడండి. కటా (ఒంటరిగా వరుసగా చేసే కదలికలు) పోటీల్లో పిల్లలు ఎంత ముచ్చటగా చేస్తారో! అడుగు తప్పదు, మలుపు తప్పదు. కాసేపటికి అదే పిల్లలు కుమితేకి, అంటే ఇద్దరు తలపడే ఫైట్‌కి, దిగుతారు. రెఫరీ ‘హజిమే’ (మొదలుపెట్టండి) అనగానే ఇద్దరూ గంతులు వేస్తూ, ముఖం పక్కకు తిప్పుకుని చేతులు ఊపేస్తుంటారు. ఇందాక చూసిన బ్లాక్ ఏది? గట్టిగా నిలబడ్డ ఆ నిలకడ ఏది?

ఆ పిల్లలకు టెక్నిక్ తెలుసు. అది ఒంటికి పట్టలేదు, అంతే. తెలిసినదాన్ని ఒంటికి పట్టించే ప్రాక్టీస్ వేరే ఉంటుంది. దానికి మన క్లాసుల్లో టైమ్ చాలా తక్కువ దొరుకుతుంది. బెల్ట్ టెస్ట్ దగ్గర పడితే కటా, పోటీ దగ్గర పడితే నేరుగా స్పారింగ్ (పార్ట్‌నర్‌తో ప్రాక్టీస్ ఫైట్). మధ్యలో ఎక్కాల్సిన మెట్లు వదిలేస్తున్నాం. ఆ మధ్య మెట్ల గురించే ఇక్కడ రాస్తున్నాను.

కనీసం ఆరు నెలలు క్లాసుకు వెళ్లి, ప్రాథమిక పంచ్‌లు, కిక్‌లు, బ్లాక్‌లు వచ్చినవాళ్లకు ఇది పనికొస్తుంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ ఎటు చూసినా కరాటే క్లాసులే ఎక్కువ కాబట్టి ఉదాహరణలు కరాటే నుంచే ఇస్తున్నాను. తైక్వాండో, బాక్సింగ్, జూడో, కుస్తీ చేసేవాళ్లు తమ టెక్నిక్ పేరు పెట్టుకుని చదువుకోండి, పద్ధతి మారదు.

ఫైట్‌లో ఎందుకు రావడం లేదు?

క్లాసులో మాస్టర్ ‘ఇచ్, ని, సన్’ అని లెక్కపెడతారు. ప్రతి అంకెకూ ఒక పంచ్ వేస్తారు. ఇలా వేల సార్లు చేశాక మీ పంచ్ మాస్టర్ గొంతుకు ముడిపడిపోతుంది. ఫైట్‌లో ఎవరూ లెక్కపెట్టరు. అక్కడ గుర్తులు వేరు: ఎదుటివాళ్ల భుజం కొద్దిగా లేవడం, వెనక మడమ నేల వదలడం, ఒంటి బరువు ముందు కాలి మీదికి జరగడం. ఈ గుర్తులకూ మీ పంచ్‌కూ ముడి ఎప్పుడూ పడలేదు. అందుకే చేయి లేవదు.

రెండో కారణం ఎంపికలు. కంటికి ఒక గుర్తు కనబడి ఒళ్లు కదలడం మొదలవ్వడానికే దాదాపు సెకనులో ఐదో వంతు పడుతుంది. అది కూడా ఏం చేయాలో ముందే తేల్చుకుని ఉంటేనే. నాలుగైదింటిలో ఒకటి ఎంచుకోవాలంటే ఇంకా ఆలస్యం. ఎంపికలు పెరిగేకొద్దీ స్పందించే సమయం పెరుగుతుందని విలియం హిక్ అనే పరిశోధకుడు 1952లోనే ప్రయోగాలతో చూపించాడు. ఇరవై టెక్నిక్‌లు పైపైన తెలిసినవాళ్లు ఆ క్షణంలో ఒక్కటి కూడా చేయలేకపోవడం వింతేమీ కాదు.

మన ఊళ్లలో వ్యవసాయ బావుల్లో ఈత ఎలా నేర్పుతారో గుర్తు తెచ్చుకోండి. నడుముకు బెండ్లు కట్టి నీళ్లలోకి దింపుతారు. ధైర్యం వచ్చేకొద్దీ ఒక్కో బెండు తీసేస్తారు. గడ్డ మీద నిలబెట్టి చేతులు ఊపించరు, మొదటి రోజే ఉత్తగా నీళ్లలోకి తోసేయరు. టెక్నిక్ విషయంలోనూ చేయాల్సింది సరిగ్గా ఇదే.

1. ఒక్క టెక్నిక్ ఎంచుకోండి

రాబోయే ఆరు వారాలకు ఒక్కటే. నన్నడిగితే గ్యాకు జుకి, అంటే వెనక చేతి పంచ్, తీసుకోమంటాను. కరాటేలో దాదాపు అందరికీ తొలి నెలల్లోనే వస్తుంది. కుమితే పాయింట్ల లెక్కలో పంచ్‌కు 1, కడుపు ఎత్తులో కిక్‌కు 2, తలకు వేసే కిక్‌కు 3 ఇస్తారు కాబట్టి పిల్లల మనసంతా తల ఎత్తు కిక్ మీదే ఉంటుంది. కానీ ఒక కాలి మీద నిలబడాల్సిన పని లేకుండా, ఏ ఎత్తువాళ్ల మీదైనా పనిచేసేది ఈ పంచే. బాక్సింగ్ వాళ్లయితే జాబ్ (ముందు చేతి పంచ్), తైక్వాండో వాళ్లయితే నడుము ఎత్తు రౌండ్ కిక్, కుస్తీ వాళ్లయితే బాగా చేతనైన ఒక దావ్ (పట్టు) తీసుకోండి.

ఎంచుకున్నాక నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయండి. అందులో రెండు భాగాలు ఉండాలి: ఎదుటివాళ్లు ఏం చేసినప్పుడు, మీరు ఏం చేస్తారు. ఉదాహరణకు, “వాళ్లు ముందుకు అడుగు వేస్తే, ఆ కాలు నేలకు ఆనేలోపు నా గ్యాకు జుకి వాళ్ల కడుపు దగ్గర ఉండాలి.” మొదటి సగం రాయడం రాకపోతే, ఆ టెక్నిక్‌ను ఎప్పుడు వాడాలో మీకు ఇంకా తెలియదన్నమాట. వెళ్లి మాస్టర్‌ను అడగండి. “సార్, ఇది ఎప్పుడు వేయాలి?” అన్న ప్రశ్న, “ఎలా వేయాలి?” అన్నదాని కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

2. ఒంటరిగా కొంచెమే చేయండి, జాగ్రత్తగా చేయండి

ఫోన్‌ను గోడకు ఆనించి పక్క నుంచి ఒకసారి, ముందు నుంచి ఒకసారి వీడియో తీసుకోండి. పది పంచ్‌లు మెల్లగా, పది మామూలుగా, ఐదు పూర్తి వేగంతో. మూడే మూడు చోట్ల చూడండి. వెనక కాలు నేలను తోస్తోందా? చేయి కంటే ముందు తుంటి కదులుతోందా? పంచ్ వేసిన చేయి వెళ్లినంత వేగంగా వెనక్కి వస్తోందా? మూడోది చాలామంది పట్టించుకోరు. చేయి అక్కడే ఉండిపోతే ముఖం ఖాళీగా దొరుకుతుంది.

రోజుకు పది నిమిషాలు చాలు. గాలిలో గట్టిగా మోచేయి బిగుసుకునేలా కొట్టకండి, కీలు పాడవుతుంది. ఏళ్ల తరబడి ఈ మెట్టు మీదే ఉండిపోయినవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, మీరు ఉండకండి.

3. తగిలే వస్తువును కొట్టండి

గాలి ఎదురు తిరగదు, కాబట్టి పిడికిలి వదులుగా ఉన్నా, మణికట్టు వంగినా తెలియదు. ప్యాడ్ తగిలితే వెంటనే తెలుస్తుంది. ప్యాడ్ లేకపోతే పాత దుప్పటిని గట్టిగా చుట్టి తాడుతో బిగించి, పార్ట్‌నర్ ఛాతీకి దూరంగా రెండు చేతులతో పట్టుకోవాలి. మొదట సగం బలంతో కొట్టండి.

ఇక్కడ ప్యాడ్ పట్టుకునేవాళ్ల పని ముఖ్యం. ‘కొట్టు’ అని నోటితో చెప్పకూడదు. ప్యాడ్‌ను కిందికి దించి ఉంచి, ఉన్నట్టుండి పైకి చూపాలి. చూపిన వెంటనే కొట్టాలి, ఆలస్యమైతే ప్యాడ్ తీసేయాలి. ఇంతకాలం చెవికి ముడిపడిన పంచ్ ఇక్కడ కంటికి ముడిపడడం మొదలవుతుంది.

4. దూరం తెలుసుకోండి

జపాన్ వాళ్లు దీన్ని ‘మాఅయ్’ అంటారు. మన క్లాసుల్లో పేరు చెబుతారు కానీ దీనికంటూ విడిగా ప్రాక్టీస్ అరుదుగా చేయిస్తారు. నా దృష్టిలో ఫైట్‌లో సగం పని దూరం దగ్గరే తేలిపోతుంది. ఒక్క జానెడు తేడా వల్ల మంచి పంచ్ వృథా అవుతుంది, అదే జానెడు వెనక్కి జరిగితే బ్లాక్ చేయాల్సిన అవసరమే ఉండదు.

మీటరు పొడవు కర్ర ఒకటి తీసుకోండి. ఒక కొన మీ అరచేతికి, రెండో కొన పార్ట్‌నర్ అరచేతికి ఆనించండి. ఎవరూ పిడికిలి బిగించి పట్టుకోకూడదు. ఒకరు నడిపిస్తారు: ముందుకు, వెనక్కి, పక్కకు. రెండో వాళ్లు కర్ర కింద పడకుండా అనుసరిస్తారు. రెండు నిమిషాల తర్వాత పాత్రలు మార్చుకోండి. మొదట్లో కర్ర ఊరికే పడుతుంది. కాళ్లు దగ్గరకు తెచ్చుకున్నప్పుడు, మడమల మీద బరువు వేసినప్పుడు పడుతుందని మీకే తెలిసిపోతుంది. కొన్నాళ్లకు కాళ్లు వాటంతటవే జరుగుతాయి.

తర్వాత కర్ర తీసేసి అదే దూరం కంటితో ఉంచండి. నడిపించేవాళ్లు మధ్యలో ఒక్కసారి ఆగిపోతారు. ఆగిన క్షణాన మీరు చేయి చాచండి. పిడికిలి బట్టను తాకీ తాకనట్టు ఉంటే దూరం సరిగ్గా ఉన్నట్టు. మోచేయి బాగా వంగిందంటే మరీ దగ్గరున్నారు, ఒళ్లు ముందుకు వాలిందంటే దూరంగా ఉన్నారు.

ఎత్తు తేడా ఉన్నవాళ్లతో దీన్ని తప్పక చేయండి. మీకంటే పొడుగువాళ్లతో నిలబడితే, వాళ్లకు అందే దూరంలో మీకు వాళ్లు అందరు. ఆ మధ్య దూరం దాటడానికి అడుగు కావాలని అప్పుడు తెలుస్తుంది.

5. బెండ్లు ఒక్కొక్కటే తీయండి

ఇదే అసలు మెట్టు. ఆరు వారాల్లో ఎక్కువ టైమ్ దీనికే ఇవ్వండి.

కరాటేలో దీనికి పాత వరస ఒకటి ఉంది: ఐదు అడుగుల గోహోన్ కుమితే, మూడు అడుగుల సాన్‌బోన్, ఒక్క అడుగు ఇప్పోన్, ఆ తర్వాత స్వేచ్ఛగా కదులుతూ ఒక్క దాడి చేసే జియూ ఇప్పోన్, చివరికి పూర్తి స్వేచ్ఛ ఉండే జియూ కుమితే. ఒక్కో మెట్టుకూ ఒక ఆసరా తీసేస్తూ పోయేలా పెట్టిన వరస ఇది. చాలా చోట్ల దీన్ని కూడా కటాలాగే బట్టీ పట్టిస్తున్నారు. ఇద్దరూ ఎవరి వంతు వాళ్లు అప్పజెప్పినట్టు చేసి, ‘ఓస్’ అని నమస్కారం పెట్టి వెళ్లిపోతారు. అది మార్చుకోవాలి.

ఇప్పోన్ కుమితేలో పార్ట్‌నర్ మీకు ఇచ్చే ఆసరాలు ఇవి: ఏ దాడి చేస్తారో చెబుతారు, ఏ చేత్తో అన్నది తెలుసు, ఎప్పుడన్నది తెలుసు, ఎంత వేగమో తెలుసు, దాడి అయ్యాక కదలకుండా నిలబడతారు. ఇవే మీ బెండ్లు. ఒకసారికి ఒక్కటే తీయాలి.

మొదట ‘ఎప్పుడు’ తీసేయండి. దాడి అదే, చేయి అదే, కానీ చెప్పరు. ఐదు సెకన్లకు రావచ్చు, పదిహేను సెకన్లకు రావచ్చు. సుబేదారి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఒక సీనియర్, ఒక ఇంటర్ పిల్లవాడితో దీన్ని చేయించిన తీరు నాకు బాగా నచ్చింది. “ఇందాక చెప్పి వచ్చిన కదా తమ్మీ, ఇప్పుడు చెప్పకుండ వస్త, చూసుకో” అన్నాడు. పిల్లవాడు రెండుసార్లు ఆలస్యమయ్యాడు. కళ్లు సీనియర్ పిడికిలి మీదే ఉన్నాయి, పిడికిలి కదిలేసరికి అడుగు ఎప్పుడో పడిపోయింది. “చెయ్యి దిక్కు చూడకు, గల్ల కింద చూడు. అక్కడ చూస్తే కాళ్లు కూడ కనవడ్తయి” అన్నాడు సీనియర్. తర్వాతిసారి పిల్లవాడు చూపును ఛాతీ పై భాగం మీద నిలిపాడు. సీనియర్ కదిలే ముందు అతని వెనక మడమ ఒక వేలి మందం పైకి లేచింది. పిల్లవాడి పంచ్ అప్పుడే బయల్దేరింది. సీనియర్ అడుగు నేలకు ఆనేలోపు పిడికిలి కడుపు దగ్గర ఆగింది. ఇద్దరి ముఖాలూ వెలిగిపోయాయి. వెంటనే సీనియర్ ఇంకో పని చేశాడు: మడమ లేపి, అడుగు వేయకుండా ఆగిపోవడం మొదలుపెట్టాడు. పిల్లవాడు ఇక నిజమైన కదలికకూ దొంగ కదలికకూ తేడా వెతుక్కోవాల్సి వచ్చింది. మంచి పార్ట్‌నర్ అంటే ఇలా ఉండాలి. సులువుగా గెలవనివ్వరు, అలాగని గెలుపు అందకుండా కూడా చేయరు.

తర్వాత ‘ఏ చేయి’ తీసేయండి, ఎడమో కుడో తెలియదు. ఆ తర్వాత ‘ఏ దాడి’: ముఖానికి పంచ్ రావచ్చు, కడుపుకు ముందు కిక్ రావచ్చు. ఆ తర్వాత ‘కదలకుండా నిలబడడం’: మీ పంచ్ తగిలినా తగలకపోయినా వాళ్లు ఇంకో దెబ్బ వేస్తారు. వేగం, బలం అన్నిటికంటే చివర పెంచాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, తెలిసిన దాడినే గట్టిగా వేయించుకుంటారు. దానివల్ల దెబ్బలు తినడం అలవాటవుతుంది తప్ప అదను తెలియదు.

ఎప్పుడు పెంచాలి, ఎప్పుడు తగ్గించాలి అన్నదానికి నేను వాడే లెక్క చెబుతాను. పది ప్రయత్నాల్లో ఏడెనిమిది కుదిరితే ఒక బెండు తీసేయండి. ఐదారు కుదురుతుంటే అక్కడే ఉండండి. నాలుగు, అంతకంటే తక్కువైతే ఒక బెండు తిరిగి కట్టండి. పదికి పది కుదిరాయంటే సంతోషించకండి, మీరు కొత్తగా నేర్చుకుంటున్నది ఏమీ లేదు. వారం గడిచాక మొదటి ప్రయత్నంలోనే కుదిరిందా అన్నది కూడా రాసుకోండి. వేడెక్కాక పదోసారి కుదరడం కంటే, వచ్చీ రాగానే మొదటిసారి కుదరడం ఎక్కువ నమ్మదగిన గుర్తు.

6. కలగలిపి చేయండి

ఒకే డ్రిల్‌ను యాభైసార్లు వరుసగా చేస్తే చివరికి చాలా బాగా వచ్చినట్టు అనిపిస్తుంది. మూడు రోజుల తర్వాత చూస్తే సగం పోయి ఉంటుంది. 1979లో షియా, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు చేతి కదలికల మీద చేసిన ప్రయోగం దీనికి బాగా పేరుపొందింది. ఒక గుంపుతో ఒక్కో పనిని వరుసగా చేయించారు, ఇంకో గుంపుతో మూడు పనులను కలగాపులగంగా చేయించారు. ప్రాక్టీస్ జరుగుతున్నప్పుడు మొదటి గుంపే బాగా చేసింది. పది రోజుల తర్వాత పరీక్షిస్తే కలిపి చేసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది.

కాబట్టి ఐదో మెట్టులో ఒక డ్రిల్ కాస్త కుదిరాక, దాన్ని దూరం డ్రిల్‌తో, ప్యాడ్ డ్రిల్‌తో కలిపేయండి. మూడు ఇది, రెండు అది, మళ్లీ ఇది. క్లాసులో గజిబిజిగా కనిపిస్తుంది. పిల్లలు వెనకబడిపోయారేమోనని చూసే అమ్మానాన్నలకు అనిపిస్తుంది. మాస్టర్లు వాళ్లకు ముందే చెప్పి పెట్టాలి.

7. చిన్న ఆటలతో మొదలుపెట్టి స్పారింగ్‌కు

పూర్తి ఫైట్‌కు ముందు హద్దులు పెట్టిన ఆటలు ఆడండి. ఒకరి భుజం ఒకరు తాకడం, మోకాలు తాకడం, ఒకరు పంచ్ మాత్రమే వేస్తే ఇంకొకరు తప్పించుకోవడం మాత్రమే చేయడం. ఒక్కో ఆట ఒక నిమిషం. చిన్నపిల్లలు వీటిలో భయం మర్చిపోతారు. కళ్లు మూసుకునే అలవాటు ఇక్కడే పోతుంది.

జిగోరో కానో 1882లో జూడో మొదలుపెట్టినప్పుడు పాత జుజుత్సులోని ప్రమాదకరమైన టెక్నిక్‌లను స్వేచ్ఛా ప్రాక్టీస్ నుంచి పక్కనపెట్టాడు. మిగిలినవాటిని ఎదురు తిరిగే మనిషి మీద, పూర్తి బలంతో, రోజూ చేసేలా ‘రాందోరి’ని శిక్షణలో ముఖ్య భాగం చేశాడు. ఎవరి మీదా పూర్తిగా చేసి చూడలేని భయంకరమైన టెక్నిక్ కంటే, రోజూ నిజంగా చేసి చూసే మామూలు టెక్నిక్ ఎక్కువ పనికొస్తుందన్న ఆలోచన అందులో ఉంది. మన తాలీంలలో (కుస్తీ నేర్పే చోట్ల) పహిల్వాన్లు జోర్ చేయడం, అంటే ఒకరితో ఒకరు నిజంగా పట్టుపట్టడం, కూడా ఇదే దారి. వాళ్లకు తెలిసిన దావ్‌లు కొన్నే కావచ్చు, కానీ ప్రతి దావ్ ఎదురు తిరిగే ఒంటి మీద రోజూ పరీక్షకు నిలబడినదే.

స్పారింగ్‌కు దిగేటప్పుడు గ్లవ్స్, షిన్ గార్డ్, మౌత్ గార్డ్, అబ్బాయిలకు గ్రోయిన్ గార్డ్ ఉండాలి. ఎంత బలంతో కొట్టుకోవాలో ముందే నోటితో మాట్లాడుకోండి. మొదటి వారాల్లో ముఖానికి తాకించొద్దు, ఒంటికి తాకించినా పావు బలం దాటొద్దు. రెండు నిమిషాల రౌండ్, ఒక నిమిషం విశ్రాంతి, మూడు రౌండ్లు చాలు. ఈ రౌండ్లలో గెలుపు లెక్కపెట్టకండి. నోట్‌బుక్‌లో రాసుకున్న ఆ ఒక్క అవకాశం ఎన్నిసార్లు వచ్చింది, ఎన్నిసార్లు పట్టుకున్నారు, ఈ రెండే చూడండి. రౌండ్ అయ్యాక పార్ట్‌నర్‌ను అడగండి: “అన్నా, నేను వచ్చేది నీకు ముందే ఎట్ల తెలుస్తుంది?” మీ భుజం ముందే లేస్తోందనో, ఊపిరి బిగపడుతున్నారనో చెబుతారు. మీరు చూసుకోలేని తప్పు వాళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది.

తలకు దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, తలనొప్పి వచ్చినా, వాంతి వచ్చినట్టున్నా, మాట తడబడినా ఆ రోజు ప్రాక్టీస్ అక్కడితో ఆపేయాలి. ‘ఏం కాదులే’ అని మళ్లీ దింపకూడదు. డాక్టర్‌కు చూపించి, వాళ్లు సరే అన్నాకే స్పారింగ్. ఈ విషయంలో మొహమాటపడకండి, మాస్టర్ ముందు కూడా.

8. కొత్త మనుషులు, ఎండ, టెన్షన్

ఒకే పార్ట్‌నర్‌తో చేస్తూ పోతే అతని అలవాట్లు మాత్రమే నేర్చుకుంటారు. నెలకు ఒకసారైనా వేరే క్లాసుకు వెళ్లి, మాస్టర్ అనుమతి అడిగి, వాళ్లతో తేలికగా ఆడండి. ఎడమచేతి వాటం వాళ్లు, లావుగా ఉన్నవాళ్లు, మీకంటే చిన్నవాళ్లు, అందరూ కావాలి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు అక్కడ ఇంకో అమ్మాయి లేకపోవడంతో అబ్బాయిలతోనే తలపడాల్సి వచ్చింది. 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో, 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో ఆమె ప్రపంచ ఛాంపియన్ అయింది. సరిజోడు దొరకడం లేదని ప్రాక్టీస్ ఆపేసేవాళ్లకు ఆమె కథ చెబుతుంటాను.

పోటీ టెన్షన్‌ను కూడా ప్రాక్టీస్‌లోనే రుచి చూడాలి. క్లాసు అంతా చుట్టూ నిలబడి అరుస్తుండగా ఒక్క రౌండ్ ఆడండి. ఒక నిమిషం స్కిప్పింగ్ చేసి, దమ్ము తిరగకముందే డ్రిల్ మొదలుపెట్టండి. పంచ్ వేస్తూ ఊపిరి వదలండి, బిగపడితే రెండో నిమిషానికే చేతులు బరువెక్కుతాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఇదంతా పొద్దున ఏడున్నరలోపే ముగించాలి. రామగుండం, మంచిర్యాల వైపు 44, 45 డిగ్రీలు మామూలే. నీళ్లతో పాటు ఉప్పు వేసిన మజ్జిగో నిమ్మరసమో దగ్గర పెట్టుకోండి. అలసిన ఒంటికి అదను పట్టదు, తప్పు కదలికే అలవాటవుతుంది. ఆ రోజు డ్రిల్ తగ్గించి, తొందరగా ఇంటికి వెళ్లి పడుకోండి. నేర్చుకున్న కదలిక కుదురుకోవడంలో నిద్రకు పెద్ద పాత్ర ఉంది.

ఆత్మరక్షణ కోసమే నేర్చుకునే అమ్మాయిలకు

ప్రభుత్వ బడుల్లో రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షణ ప్రశిక్షణ్ అనే పథకం కింద అమ్మాయిలకు మూడు నెలల శిక్షణ ఇస్తున్నారు. మంచి ప్రారంభం. ఆ మూడు నెలల్లో వచ్చినదాన్ని నిలబెట్టుకునే పని తర్వాత మీదే.

కరాటేలో మొదట్లో నేర్పే హెయాన్ షోదాన్ కటా మీకు వచ్చే ఉంటుంది. కుడివైపు తిరిగి గెడాన్ బరాయ్ (చేతిని కిందికి ఊపి చేసే బ్లాక్) చేశాక, ముందు కాలు వెనక్కి లాగుతూ, చేతిని గుండ్రంగా పైకి తిప్పి పిడికిలి అడుగు భాగంతో కొట్టే కదలిక ఉంది చూడండి. మణికట్టు పట్టుకున్నవాళ్ల నుంచి చేయి లాక్కునే పద్ధతిగా దాన్ని చాలామంది మాస్టర్లు వివరిస్తారు. దాన్నే తీసుకోండి. మొదట పార్ట్‌నర్ వదులుగా పట్టుకోవాలి. తర్వాత గట్టిగా. తర్వాత పట్టుకుని లాగుతూ నడవాలి. తర్వాత చెప్పకుండా వెనక నుంచి వచ్చి పట్టుకోవాలి. లాగడం మొదలవ్వగానే క్లాసులో వచ్చిన తీరు పనిచేయదు, కాలు వెనక్కి ఎందుకు లాగాలో అప్పుడే అర్థమవుతుంది. చేతి బలం సరిపోదు, ఒంటి బరువు మొత్తం ఆ లాగుడులోకి రావాలి. వాళ్ల బొటనవేలి వైపు లాగితే పట్టు తొందరగా వదులుతుంది.

కరాటే డ్రెస్‌లో కాకుండా చుడీదార్‌లో, చున్నీతో, చెప్పులతో, భుజాన బ్యాగ్‌తో చేసి చూడండి. రెండు కుర్చీల మధ్య నిలబడి, బస్సులో ఉన్నట్టు ఇరుకులో చేయండి. గొంతు కూడా ప్రాక్టీస్ చేయాలి. “చెయ్యి వదులు!” అని పూర్తి గొంతుతో అరవడం చాలామంది అమ్మాయిలకు మొదటిసారి రాదు, సగంలో ఆగిపోతుంది. పదిమంది కలిసి అరిస్తే సిగ్గు పోతుంది. చేయి విడిపించుకున్నాక నిలబడి ఫైట్ చేయడం డ్రిల్‌లో ఉండకూడదు. పది అడుగులు పరుగెత్తడం, మనుషులున్న వైపు వెళ్లడం, 100కో 112కో ఫోన్ చేయడం, ఇవన్నీ డ్రిల్‌లో భాగంగానే ప్రతిసారీ చేయాలి. అమ్మాయిల భద్రత కోసం పోలీసులు నడిపే షీ టీమ్స్ వాట్సాప్ నంబర్ ఫోన్‌లో ముందే సేవ్ చేసి పెట్టుకోండి.

వారం ఎలా నడపాలి, ఎప్పుడు మార్చాలి

వారానికి మూడు క్లాసులు ఉంటే, ప్రతి క్లాసులో పదిహేను నిమిషాలు దీనికి ఇవ్వమని మాస్టర్‌ను అడగండి. ఒప్పుకోకపోతే అరగంట ముందు వచ్చి పార్ట్‌నర్‌తో చేసుకోండి. మొదటి వారం వీడియో, ప్యాడ్. రెండో వారం దూరం. మూడు, నాలుగు, ఐదు వారాలు బెండ్లు తీయడం, కలపడం. ఆరో వారం ఆటలు, తేలిక స్పారింగ్. ఎవరైనా ఐదో మెట్టు దగ్గరే ఆరు వారాలూ గడిపితే తప్పేమీ లేదు.

టెక్నిక్ ఒంటికి పట్టిందని చెప్పడానికి నేను చూసే గుర్తులు రెండు. ఒకటి, స్పారింగ్‌లో అది పడ్డాక “అరె, పడిందే” అని మీకే తర్వాత తెలియడం. రెండోది ఇంకా గట్టిది: మీ పార్ట్‌నర్లు దానికి భయపడి తీరు మార్చుకోవడం. ముందుకు రావడం తగ్గిస్తారు, లేదా కడుపును కాచుకోవడానికి ముందు మోచేయి దించి ఉంచుతారు. అలా మార్చుకుంటున్నారంటే తర్వాతి టెక్నిక్ ఏదో వాళ్లే చూపిస్తున్నట్టు. మోచేయి దించితే ముఖం ఖాళీ అవుతుంది కాబట్టి, కడుపుకు చూపించి ముఖానికి వేసే కిజామి జుకి, అంటే ముందు చేతి పంచ్, తీసుకోండి. ముందుకు రావడం మానేస్తే, మీరే దూరం దాటే అడుగు నేర్చుకోవాలి. నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, “వాళ్లు మోచేయి దించినప్పుడు...” అని రాసి, ప్యాడ్ పట్టుకోమని పార్ట్‌నర్‌ను పిలవండి.